మూడో తల: పింగాణీ మీద చామనఛాయ ముఖం, ఒక కేస్ స్టడీ

పోయిన జులైలో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, ఒకావిడ మా వర్క్‌షాప్‌కి వచ్చింది. వర్క్‌షాప్ అని గొప్పగా అంటాను గానీ, అది పద్మారావునగర్‌లో మా ఇంటి వెనక గది. ఒకప్పుడు పాత సామాను పడేసేవాళ్ళం. ఇప్పుడు అందులో ఒక చిన్న కరెంటు బట్టీ, రెండు బల్లలు, గోడ అరల నిండా కళ్ళు లేని పింగాణీ బొమ్మ తలలు. మొదటిసారి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఒక క్షణం ఆగుతారు. ఆవిడ ఆగలేదు. నేరుగా లోపలికొచ్చి ఫోన్‌లో ఫొటో చూపించింది.

"మా పాప మేడమ్. సంక్రాంతికి కొలువులో దీని బొమ్మ పెట్టాలి. చేయించుకోవడం కాదు, నేనే చేస్తా. నేర్పుతారా?"

ఫొటోలో ఆరేళ్ళ పిల్ల. రెండు జడలు, చామనఛాయ, ముందుపన్ను ఊడిన నవ్వు. నా దగ్గరున్న అచ్చుల్లో నోరు మూసుకున్న ముఖాలే ఉన్నాయి కాబట్టి ఆ నవ్వు కుదరదని ముందే చెప్పేశాను. మిగతాది చూద్దామన్నాను.

ఆవిడ దిల్‌సుఖ్‌నగర్ వైపు పదకొండేళ్ళుగా పెళ్ళికూతుళ్ళకి మేకప్ చేస్తోంది. ఇంతవరకు నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో బ్యాంకులో రిటైరైన ఇద్దరు, ఒక డ్రాయింగ్ టీచరు, ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహాలకు రంగులేసే కుర్రాడు ఒకడు ఉన్నారు. రోజూ ముఖాలతోనే పనిచేసే మనిషి రావడం ఇదే మొదలు. మూడు నెలల్లో అయిపోతుందనుకున్నాను. ఏడు నెలలు పట్టింది, రెండు తలలు పోయాయి. ఆ రెండూ ఎందుకు పోయాయో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

తల ఎలా వస్తుంది

ఈ భాగం ఆవిడ నేర్చుకోలేదు, నేనే చేసిపెట్టాను, అందుకని క్లుప్తంగా. చిక్కటి మజ్జిగలా ఉండే పోర్సిలిన్ మట్టిని ప్లాస్టర్ అచ్చులో పోస్తాం. దీన్ని స్లిప్ అంటారు. ప్లాస్టర్ నీటిని పీల్చుకుని లోపలి గోడకి ఒక పొర పట్టగానే మిగతాది వంచేస్తాం. ఆరిన పచ్చితలకి కళ్ళ రంధ్రాలు కోసి, అచ్చు అతుకు గీతలు గీకి, సుమారు 1,220 డిగ్రీల దాకా కాలుస్తాం. తల దాదాపు ఎనిమిదో వంతు కుంచించుకుపోతుంది. బట్టీలోంచి బయటికొచ్చేది మెరుపు లేని, వేలికి సన్నటి గరుకు తగిలే బిస్క్. దాన్ని నీళ్ళలో పెట్టి సన్న ఎమెరీ కాగితంతో రుద్దాలి. విసుగు పని, అందరూ ఎగ్గొట్టాలనే చూస్తారు. రుద్దని చోట రంగు చుక్కలు చుక్కలుగా పట్టి, చెంప మీద చెమటకాయలు లేచినట్టు ఉంటుంది.

19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో జూమో, బ్రూ వాళ్ళూ, జర్మనీలో తురింగియా ప్రాంతపు కెస్ట్నర్, సైమన్ అండ్ హాల్బిగ్ వాళ్ళూ చేసినవి ఇలాంటి బిస్క్ తలలే. ఈ విద్యలో ఇవాళ్టికీ నేర్పే రంగుల లెక్కలు చాలామటుకు ఆ బొమ్మల్ని చూసి పుట్టినవి. చెంపకి గులాబి, పెదవికి ఎరుపు, ముక్కు రంధ్రంలో ఒక ఎర్రచుక్క, కంటి మూలలో ఇంకో ఎర్రచుక్క. తెల్లటి బిస్క్ మీద అవి చక్కగా ఉంటాయి. నేను నేర్చుకున్నదీ అలాగే. చామనఛాయ ముఖానికి ఆ లెక్కలు పనికిరావని నాకు తెలుసు గానీ, ఎక్కడెక్కడ పనికిరావో ఈ కేసులోనే పూర్తిగా తెలిసింది.

ఈ పాపకి గోధుమరంగు స్లిప్ వాడాను. గడ్డం నుంచి నడినెత్తికి 10 సెంటీమీటర్ల తల, 14 మిల్లీమీటర్ల ముదురు గోధుమ గాజు కళ్ళు. ఒకే అచ్చులో మూడు తలలు పోసి పెట్టుకున్నాను. రెండు పాడవుతాయని ముందే అనుకున్నారా అని ఆవిడ తర్వాత అడిగింది. నేను ఎప్పుడూ మూడే పోస్తాను.

మొదటి తల

చైనా పెయింట్ అంటే లోహాల ఆక్సైడ్ల పొడి, దానితో కలిసి గాజులా కరిగే ఫ్లక్స్. ఆ పొడిని గాజు పలక మీద నూనెతో నూరి పళ్ళపేస్టంత చిక్కగా చేసుకుంటాం. 720 డిగ్రీల దరిదాపుల్లో కాల్చితేనే అది బిస్క్‌ని పట్టుకుంటుంది. కాల్చేదాకా ఎన్నిసార్లయినా తుడిచేయొచ్చు, కాల్చాక ఇక అంతే. అందుకే ముఖాన్ని ఒక్కసారిగా వేయం. పలచగా వేసి కాల్చడం, మళ్ళీ పలచగా వేసి కాల్చడం, ఇలా నాలుగైదు సార్లు. దీన్ని మేం కాల్పు అంటాం. ఒకసారి ఆటోలో ఉండి ఫోన్‌లో "ఇవాళ రెండు కాల్పులున్నాయి, మీరు రేపు రండి" అంటే డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. పాత రంగుల ఫ్లక్స్‌లో సీసం ఉంటుంది. ఆ గదిలో టీ తాగం, ఎండిన పొడిని ఊడ్వం, తడిగుడ్డతో తుడుస్తాం, కుంచె నోటి దగ్గరికి రానివ్వం. ధూల్‌పేట కుర్రాడికి కుంచె మొనని పెదాలతో సన్నం చేసుకునే అలవాటు ఉండేది. అది మానిపించడానికే నెల పట్టింది. ఈవిడకి ఆ బెడద లేదు, మేకప్ బ్రష్ ఎవరూ నోట్లో పెట్టుకోరు.

మొదటి రోజు తలని చేతుల్లోకి తీసుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పింది. "బేస్ కొంచెం డల్‌గా ఉంది మేడమ్" అంది. పసుపూ తెలుపూ కొద్దిగా గోధుమా కలిపి, స్పాంజితో నుదుటి నుంచి గడ్డం దాకా ఒకే సమంగా అద్దింది. ఎంత నేర్పంటే, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించిందో కనిపించలేదు. తడి మీద ఆ ముఖం వెన్నలా ఉంది. నేను అప్పుడే ఆపాల్సింది. ఆ చెయ్యి నడుస్తుంటే చూడబుద్ధయి ఆపలేదు. ఈ తల పోవడంలో సగం తప్పు నాది.

కాల్చి తీస్తే మందంగా పడిన చోటల్లా తెల్లబారిన పెంకులా మెరుపు. బిస్క్ మీద రంగు పలచగా ఉంటేనే చర్మంలా మెరుపు లేకుండా ఉంటుంది, మందమైతే గాజు గాజులా కనిపిస్తుంది. ముక్కు పక్కన పెచ్చు లేచి కింద ఉత్త బిస్క్ బయటపడింది. మందపాటి పొర చల్లారేటప్పుడు బిస్క్‌తో సమానంగా ముడుచుకోక విడిపోతుంది. ఇక తెలుపు కలిపిన రంగు సంగతి చెప్పక్కర్లేదు. పాప ముఖానికి విభూతి పూసినట్టుంది.

"అక్కా, ఫౌండేషన్ లేకుండా ముఖం ఎట్లా మొదలుపెడతాం?" అంది. మేడమ్ పోయి అక్క వచ్చింది ఆ రోజే.

"మొదలుపెట్టేదేం లేదు. ఫౌండేషన్ బట్టీలోంచే వచ్చింది."

ఇది ఆవిడకి ఎక్కడానికి చాలా రోజులు పట్టింది, నాకు చెప్పడం రావడానికీ అన్ని రోజులే పట్టింది. ఈ రంగులు ముఖాన్ని ముదురు చేయగలవు, లేత చేయలేవు. గోధుమరంగు బిస్కే ఆ ముఖంలో అన్నిటికన్నా లేత రంగు. నుదుటి మధ్య, ముక్కు దూలం, చెంప ఎత్తు, ఇవి వేయాల్సినవి కావు, వదలాల్సినవి. మేకప్‌లో ముందు ముఖాన్ని సమం చేసి, ఆ తర్వాత మెరుపులు, నీడలు మళ్ళీ తెచ్చిపెడతారు. ఇక్కడ సమం చేశారంటే ఆ మెరుపు ఇక తిరిగి రాదు.

మాటలతో కాదని ఒక శనివారం సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకెళ్ళాను. శుక్రవారం సెలవు, అది మర్చిపోయి నేను రెండుసార్లు గేటు దాకా వెళ్ళొచ్చాను. అందరూ ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర గుమిగూడి ఉంటే, మేం యూరప్ పింగాణీ ఉన్న గదుల్లో రెండు గంటలు గడిపాం. 1710లో జర్మనీలోని మైసెన్‌లో యూరప్ మొదటి గట్టి పింగాణీ కర్మాగారం పెట్టారు. ఆ సంప్రదాయంలో వచ్చిన బొమ్మల్లో బట్టలకి రంగులు పొర్లుతుంటాయి, ముఖం మాత్రం ఉన్నది ఉన్నట్టు వదిలేస్తారు. చెంప మీద ఒక ఆవిరి, పెదవికి ఒక స్పర్శ, వెంట్రుకంత కనుబొమ్మ. ఆవిడ అద్దానికి ముక్కు ఆనించి చూసి, "అసలేం వేయలే కదక్కా వీళ్ళు" అంది.

టైల్ మీద మూడు వారాలు

తర్వాతి మూడు వారాలు తలని ముట్టుకోనివ్వలేదు. బాత్‌రూంకి వాడే తెల్ల టైల్ ఒకటి ఇచ్చి రోజూ అరగంట కనుబొమ్మలు వేయమన్నాను. నిగనిగలాడే టైల్ మీద వేసింది గుడ్డతో తుడిస్తే పోతుంది, ఒక్క టైల్ ఏడాది వస్తుంది. ఇంతకన్నా చవకైన బడి ఈ విద్యలో లేదు.

ఆవిడ కనుబొమ్మ వేసే తీరు ఇది: ముందు కింద గీత, పైన గీత, చివర మొన, తర్వాత లోపల నింపడం. పెళ్ళి ఫొటోకి అదే కావాలి. ఆరేళ్ళ పిల్ల కనుబొమ్మకి అంచే ఉండదు. ముక్కు వైపు వెంట్రుకలు నిలువుగా లేస్తాయి, మధ్యలో పక్కకి ఒరుగుతాయి, చివర్లో పై వరసవి కిందికి, కింది వరసవి పైకి వచ్చి కలుస్తాయి. మధ్య మధ్య చర్మం కనిపిస్తూనే ఉండాలి. కుంచెని కుదురు దగ్గర ఆనించి, లాగుతూ లాగుతూ గాల్లోకి ఎత్తేయాలి, గీత తనంతట తానే సన్నబడుతుంది. మణికట్టు తిరగనంటే తలనే తలకిందులు చేసి పట్టుకోవాలి. కింది రెప్ప వెంట్రుకలకి నేనిప్పటికీ తలకిందులుగానే వేస్తాను.

రాత్రి పాప నిద్రపోయాక ఫోన్ టార్చ్ వేసి కనుబొమ్మ చూడమన్నాను. మర్నాడు వచ్చి, "ఎడమ కనుబొమ్మ చివర్న ఒక చోట వెంట్రుకలే లేవక్కా. రెండేళ్ళప్పుడు మంచం కోడు తగిలింది. ఇన్నేళ్ళ నుంచి అందరి ముఖాలు చూస్తున్నా, నా పిల్లది చూడలే" అంది. ఆ ఖాళీ తర్వాత మాకు పనికొచ్చింది.

ఆగస్టులో ఇంకో చిక్కు. మేం వాడే నూనెల్లో గ్లిజరిన్ కలిసినది ఒకటుంది, కుంచెలు నీళ్ళతో కడుక్కోవచ్చు కాబట్టి కొత్తవాళ్ళకి అదే ఇస్తాను. గ్లిజరిన్ గాల్లో తేమని లాక్కుంటుంది. వానాకాలంలో పొద్దున వేసిన రెప్ప వెంట్రుక సాయంత్రానికి కాటుక కారినట్టు పాకిపోయింది. సన్న గీతలకి పాతకాలం వాళ్ళు చక్కెర పాకంలో రంగు కలిపేవారు. అది ఎండితే గట్టిపడుతుంది, దాని మీద నూనె రంగు వేసినా చెదరదు. అలాగే కలిపి ఇచ్చాను, గీత వెంట్రుకలా నిలబడింది. రాత్రికి రాత్రి చీమలు పట్టాయి. ఒక వరస రెప్పలు మొత్తం తినేసి పోయాయి. ఇప్పుడు టైళ్ళు, తలలు నీళ్ళు పోసిన పళ్ళెంలో గిన్నె బోర్లించి దాని మీద పెడుతున్నాం, మా అమ్మ బెల్లం డబ్బా పెట్టినట్టు.

రెండో తల

సెప్టెంబరులో రెండో తల. ఈసారి పలచదనం వచ్చింది. కొంచెం నూనె రాసి, మెత్తటి కుంచెతో రంగు పెట్టి, దూదిని పాత పట్టుచీర ముక్కలో చుట్టి మెల్లగా తట్టడం. పట్టుకి పోగులు రాలవు, నూలు గుడ్డ అయితే ముఖమంతా నూగే. ఆవిడ తట్టే తీరు నాకన్నా బాగుంది.

ఈ తల పోయింది రంగుల వల్ల, నా లెక్క వల్ల. చెంపలకి గులాబి కావాలంది, సరేనన్నాను. చైనా పెయింట్‌లో మంచి గులాబులకి బంగారమే ఆధారం. అవి సరిపడా వేడి తగలకపోతే ఇటుక రంగులో ఉండిపోతాయి. పెదవికి వేసింది ఇనుప ఎరుపు. దాని గుణం సరిగ్గా తలకిందులు, వేడి ఎక్కువైతే మాడి మాయమవుతుంది. ఎక్కువ వేడి కావాల్సినది ముందు, తక్కువ చాలినది చివర, ఇది ఈ పనిలో మొదటి పాఠం. నేను తొందరపడి రెండిటినీ ఒకే కాల్పులో పెట్టాను.

పైగా ఆ రాత్రి 640 డిగ్రీల దగ్గర కరెంటు పోయింది. ముప్పావుగంటకి వచ్చింది గానీ వోల్టేజీ లేదు, మీటరు ముల్లు మొరాయించింది. పదకొండు దాటాక, అయిపోయి ఉంటుందిలే అని కట్టేసి పడుకున్నాను. పొద్దున మూత తీస్తే లోపల పెట్టిన శంకువు నిటారుగా నిలబడి ఉంది. ఈ శంకువులు చిన్న మట్టి మొనలు. 1886లో జర్మనీలో హెర్మన్ జేగర్ అనే రసాయన శాస్త్రవేత్త మొదలుపెట్టిన పద్ధతి. ఎంత వేడి, ఎంతసేపు అన్న రెండూ కలిసి సరిపోతేనే అవి వంగుతాయి, అందుకే మీటరు కన్నా నేను వాటినే నమ్ముతాను. నమ్మేదాన్ని చూడకుండా పడుకున్నాను మరి. చెంపలు ఇటుక రంగు, పెదవి మీద వేలు పెడితే పొడి అంటింది.

గులాబిని బతికించడానికి మర్నాడు ఇంకాస్త ఎక్కువ వేడికి కాల్చాను. గులాబి వచ్చింది, పెదవి పోయింది. వచ్చిన గులాబి కూడా గోధుమ బిస్క్ మీద గులాబిలా లేదు. వంకాయ రంగు. ఎవరో చెంపదెబ్బ కొట్టి నిన్నటికి కమిలినట్టు.

పెదవి మళ్ళీ వేస్తానని ఆవిడ పట్టుబట్టింది. వేసింది. చుట్టూ సన్నటి ముదురు గీత, లోపల నింపు. నేనేం అనకముందే తనే తల పక్కన పెట్టేసి, "దీన్ని పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టేసిన కదక్కా" అంది.

మూడో తల

దీపావళి తర్వాత మొదలుపెట్టాం. ఈసారి డబ్బాలోంచి గులాబి, తెలుపు, నలుపు మూడూ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ముదురు గోధుమ, ఇనుప ఎరుపు, కొద్దిగా పసుపు గోధుమ, అంతే.

మొదటి కాల్పుకి నీడలు మాత్రమే. చామనఛాయ పిల్లల ముఖంలో ఎక్కడ ముదురుగా ఉంటుందో ఆవిడకి నాకన్నా తెలుసు, ఎందుకంటే వాటిని చెరపడమే ఆవిడ వృత్తి: కళ్ళ కింద, నోటి చుట్టూ, ముక్కు రెక్కల పక్కన, నుదుటి అంచున జుట్టు మొదలయ్యే చోట. "రోజూ ఎక్కడెక్కడ కన్సీలర్ పెడతావో అక్కడ రంగు పెట్టు" అన్నాను. ఒక్క నిమిషం నన్ను చూసి, నవ్వి, కుంచె పట్టుకుంది. ఏడు నెలల్లో నేను చెప్పినవాటిలో పనిచేసిన మాట అదొక్కటే అనుకుంటాను. ఆ పూట ఆవిడ ఎక్కడా తడుముకోలేదు. ఎక్కువైన చోట ఇయర్ బడ్‌తో తీసేస్తూ పోయింది.

రెండో కాల్పుకి చెంపల వెచ్చదనం, ఇనుప ఎరుపులో గోధుమ కలిపి. ఎండ తగిలే చోట్ల, అంటే చెంప ఎత్తు, ముక్కు కొన, గడ్డం, చెవి అంచు. కాల్చకముందు ఇది భయం పుట్టేంత ఎర్రగా ఉంటుంది, కాల్చాక సగానికి తగ్గుతుంది. పెదవికి పునాది కూడా ఇందులోనే. పై పెదవి గోధుమ, కింది పెదవి కాస్త ఎరుపు, అంచుని పొడి కుంచెతో చర్మంలోకి కలిపేయడం. గీత లేదు.

ఇక్కడ నేను ఆచారానికి ఎదురు వెళతాను. విగ్రహానికి కళ్ళు చివర్న తెరుస్తారు, ధూల్‌పేటలోనూ అంతే. నేను ప్రతి కాల్పు తర్వాతా గాజు కళ్ళు మైనంతో తాత్కాలికంగా అతికించి, విగ్గు పెట్టి, నాలుగడుగుల దూరం నుంచి చూడమంటాను. బట్టీలో పెట్టేముందు తీసేయాలి, లేకపోతే గాజు కరుగుతుంది. కళ్ళు లేని ముఖం మీద ఎంత రంగు వేసినా తక్కువే అనిపిస్తుంది, చెయ్యి ఆగదు. కళ్ళు పెట్టిన మరుక్షణం అదే రంగు ఎక్కువనిపిస్తుంది. రెండో కాల్పు తర్వాత చెంపలకి ఇంకో పూత వేస్తానంది. కళ్ళు పెట్టి చూపించాను, కుంచె కింద పెట్టేసింది.

మూడు, నాలుగు కాల్పులు కనుబొమ్మలకి, రెప్పలకి. మొదట లేత గోధుమ వెంట్రుకలు, కాల్చాక వాటి మధ్యలో ముదురువి. రెండు రంగుల వల్ల ఒకటి వెనక ఒకటి ఉన్నట్టు లోతు వస్తుంది. నలుపు తాళంలోనే ఉంది. ఒత్తు నలుపు బిస్క్ మీద వెంట్రుకలా ఉండదు, పెన్ను గీతలా ఉంటుంది. ముక్కు రంధ్రాల్లో ఎర్రచుక్క బదులు ముదురు గోధుమ. ఎడమ కనుబొమ్మ చివర, మంచం కోడు తగిలిన చోట, ఆవిడ ఖాళీ వదిలింది. ఆ ఖాళీ వదిలాక అది అచ్చులోంచి వచ్చిన ఎవరిదో ముఖం కాకుండా పోయింది. అంతకుముందు కూడా బాగానే ఉంది, కానీ ఎవరైనా కావచ్చు.

ఐదో కాల్పు జనవరి మొదటి వారంలో, అన్నిటికన్నా తక్కువ వేడికి. నాలుగు కాల్పుల్లో పెదవి ఎరుపు వెలిసింది, కింది పెదవి మధ్యలో ఒక్క పూత మళ్ళీ వేశాం. బట్టీ మూత 450 డిగ్రీల దాకా వేలెడు తెరిచి ఉంచాను, నూనె పొగ బయటికి పోకపోతే రంగులు మసకబారతాయి. ఆ రాత్రి శంకువు వంగేదాకా పడుకోలేదు.

లోపాలు చెప్పాలి. కుడి చెంప ఎడమదాని కన్నా ఒక పిసరు ఎరుపు. ఎడమ కంటి కింద మూడో రెప్ప వెంట్రుక లావు, అది నాలుగో కాల్పు ముందే కనిపించింది గానీ తుడిస్తే పక్కవి పోతాయని వదిలేసింది. నేనైనా వదిలేదాన్నే. చేతిపని, బట్టీ సమయం కాకుండా, ఈ ఒక్క తల మీద 26 గంటలు పట్టింది.

భోగి నాడు కొలువుకి పిలిచింది. కొండపల్లి ఏనుగు అంబారీకీ, దశావతారాలకీ మధ్య, రెండు జడలతో, పట్టుపరికిణీలో కూర్చోబెట్టారు. అసలు పాప దాని ముందు నిలబడి తన కనుబొమ్మ తడుముకుంటోంది. నేను వెళ్ళేసరికే ఆవిడ అత్తగారు బొమ్మ చెంప మీద ఇంట్లో చేసిన కాటుకతో దిష్టి చుక్క పెట్టేశారు. నా గుండె ఆగినంత పనైంది. బిస్క్ గరుకులో కాటుక ఇరుక్కుంటే తేలిగ్గా రాదు. పండగయ్యాక సబ్బునీళ్ళతో తుడిస్తే సగం పోయింది. మిగిలింది దీపం మసే కాబట్టి ఇంకొక్క కాల్పు వేస్తే కాలిపోతుంది. కానీ ఆ వేడికి పెదవి ఇంకో పిసరు వెలుస్తుంది. వేయాలా అని ఫోన్ చేసి అడిగింది. వద్దన్నాను.